తిథి తెలియని వాళ్ళకు ఒక రోజు

కరోనాలో పోయినవారి కోసం మన దేశానికి ఒక సంస్మరణ దినం ఉండాలని నేను అన్నప్పుడల్లా, "బతికి బట్టకట్టావు కదమ్మా, ఇంకా ఆ గోల ఎందుకు?" అంటారు మా దగ్గరి బంధువొకాయన. ఆయన నా మేలు కోరే మనిషే. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. బతికి బట్టకట్టిన మేమే నోరు మూసుకుంటే, ఆ వార్డుల్లో ఏం జరిగిందో చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?

2021 మే నెల మొదట్లో, దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు నమోదవుతున్నప్పుడు, నాకు జ్వరం వచ్చింది. పరీక్షలు, స్కానింగు, మంచం కోసం మావారు తిరిగిన తిరుగుడు ఇంటింటా జరిగినవే కనుక వాటిని వదిలేస్తాను. చివరికి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చోటు దొరికింది. పక్క మంచం మీద తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిడ దగ్గర ఫోను లేకపోవడంతో సాయంత్రాలు నా ఫోనులోనే కొడుకుతో మాట్లాడేవారు.

ఒక రాత్రి రెండు గంటల వేళ, నా తల పక్కన గోడకు బిగించిన నీళ్ళ సీసాలో బుడగలు ఆగిపోయాయి. ఆక్సిజన్ ఆ నీళ్ళలోంచే బుడబుడమంటూ వచ్చేది, ఆ చప్పుడు వినబడుతుంటేనే నాకు కన్ను మూతపడేది. అది ఆగగానే వార్డంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయి, ఆ వెంటనే మంచం మంచం దగ్గరా దగ్గు, ఎగశ్వాస మొదలయ్యాయి. వేలికి పెట్టిన మీటరులో అంకె 90 నుంచి 80కి, అక్కడి నుంచి 70ల్లోకి జారిపోవడం నా కళ్ళతో చూశాను. డ్యూటీలో ఉన్న సిస్టర్ పరుగున వచ్చి నన్ను బోర్లా తిప్పి, "అమ్మా, నా మాట వింటూ ఊపిరి తీసుకోండి, సిలిండర్లు వస్తున్నాయి" అంటూ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. వార్డు బాయ్ సిలిండర్ దొర్లించుకొచ్చేసరికి పక్క మంచం పెద్దావిడ వెళ్ళిపోయారు. సిస్టర్ ఆవిడ కళ్ళు మూసి, చేతులు జోడించి, మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. వారాల తరబడి ఇంటి ముఖం చూడని ఆ అమ్మాయి రుణం నేను ఈ జన్మలో తీర్చుకోలేను.

ఇంటికి వచ్చాక కూడా మెట్లెక్కితే ఆయాసం చాలాకాలం వదలలేదు. ఒంట్లో సత్తువ వచ్చాక మంగళగిరి వెళ్ళి, ఆ రాత్రి మొక్కుకున్నట్టే పానకాల స్వామికి పానకం సమర్పించుకున్నాను.

సంవత్సరికం దగ్గర పడుతుండగా పెద్దావిడ కొడుకు ఫోను చేశారు. "అమ్మ ఏ వేళకు పోయిందండీ? ఆసుపత్రి కాగితంలో ఉదయం ఏడున్నర అని ఉంది" అన్నారు. డాక్టరుగారు వచ్చి చూసిన సమయాన్నే మరణ సమయంగా రాసేశారు. ఆక్సిజన్ ఆగిన సంగతి అందులో ఎక్కడా లేదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. పంచాంగం చూసుకుంటే ఆ మధ్యలో తిథి మారిపోయింది. మాసికాలన్నీ తప్పు తిథికి పెట్టామని ఆయన ఫోనులోనే ఏడ్చారు. ఆ కాగితం రాసినవారిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

తిథి తెలియకుండా పోయినవాళ్ళకు మహాలయ అమావాస్య నాడు పెట్టుకోవడం మన పెద్దలు ఏర్పరచిన దారి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అయినవాళ్ళకు కడసారి చూపు కూడా దక్కనివ్వకుండా తీసుకువెళ్ళిన లక్షల మందికి మతంతో పని లేకుండా దేశం అలాంటి రోజు ఒకటి ఇవ్వాలి. ఎంతమంది అన్నది కూడా తేలలేదు. ప్రభుత్వ లెక్క 5.3 లక్షలు. 2020, 2021 సంవత్సరాలకే 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆక్సిజన్ అందక చనిపోయినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని 2021 జులైలో రాజ్యసభకు చెప్పారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

బెర్గామో నుంచి సైనిక వాహనాలు శవపేటికలను తీసుకువెళ్ళిన మార్చి 18ని ఇటలీ 2021లోనే చట్టం చేసి జాతీయ స్మృతి దినంగా పాటిస్తోంది. దేశ విభజనలో నలిగిపోయినవారి కోసం మనం కూడా ఆగస్టు 14ను అదే ఏడాది ప్రకటించుకున్నాం కనుక ఇది మనకు చేతకాని పని కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఈ దేశంలో కోటి మందికి పైగా పోయినా వాళ్ళకంటూ ఒక రోజు లేదు, మా ఇంట్లో ఆనాడు ఎవరు పోయారో చెప్పగలిగేవాళ్ళూ లేరు.

మార్చి 22నో 24నో పెట్టమనేవారున్నారు. అవి జనతా కర్ఫ్యూ, లాక్‌డౌన్ ప్రకటన తేదీలు, పోయినవారి తేదీలు కావు. నా మటుకు నేను మే 10 అంటాను. 2021లో ఆ రాత్రి తిరుపతిలోని ప్రభుత్వాసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. జనవరి 30న మౌనం పాటించినట్టే ఆ ఉదయం రెండు నిమిషాలు నిలబడాలి. ఊరూరా పోయినవారి పేర్లు, వాళ్ళకు సేవ చేస్తూ పోయిన సిస్టర్ల, ఆశా కార్యకర్తల, పారిశుధ్య కార్మికుల పేర్లు చదవాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లను జనం ముందు నడిపి చూపించాలి. పెద్దావిడ కొడుకుతో కలిసి మా పార్లమెంటు సభ్యుడికి ఇదే అర్జీ పెట్టాను. మీ ఇంట్లో ఎవరైనా అలా పోయి ఉంటే, మీరూ మీ సభ్యుడికి రాయండి. పేరుతో పాటు, తెలిస్తే, పోయిన వేళ కూడా రాయండి.