కూర్చోగానే వచ్చే ఒంటేలు

మంగళవారం. మే నెల ఎండ ఏడింటికే గోడలెక్కింది.

"నడుస్తుంటే ఏమీ ఉండదు. నిలబడినా ఉండదు. కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే ఒంటేలు వచ్చినట్టయితది. పోతే నాలుగు చుక్కలు. టెస్టులన్నీ నార్మలే అన్నారు." మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలతో పనిచేసే మాకు ఈ మాట కొత్త కాదు. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు, బేగంబజార్‌లో గల్లా దగ్గర కూర్చునేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, అందరూ దాదాపు ఇవే మాటల్లో చెప్తారు. నార్మల్ అన్న రిపోర్టు చేతికొచ్చాక ఇంకా దిగులు పడతారు, ఇక తమ బాధను ఎవరూ నమ్మరేమోనని. అందుకే ఇవాళ్టి పేజీ మొత్తం దీనికే.

పొద్దున ఆరున్నర. నిద్ర లేవగానే పోసే మొదటి ఒంటేలును కొలవాలి. వంటసామాన్ల దుకాణంలో దొరికే, మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్‌రూమ్‌లో పెట్టుకుంటే చాలు. మూడు రోజులు రాయాలి. రెండు ఆఫీసు రోజులు, ఒక సెలవు రోజు అయితే మంచిది. టైము, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత తొందర పెట్టింది (సున్నా నుంచి మూడు దాకా), ఏం తాగారు, ఎంత తాగారు. ఈ బాధకు మాత్రం ఇంకో గడి తప్పనిసరి: తొందర పుట్టినప్పుడు కూర్చున్నారా, నిలబడ్డారా, బండి మీద ఉన్నారా. ఆ గడి లేని లెక్క సగం లెక్కే.

ఆ కాగితం చాలా చెప్తుంది. పెద్దవాళ్ళ మూత్రాశయంలో మామూలుగా 300 నుంచి 500 మి.లీ. పడుతుంది. 150, 200 దగ్గర మొదటి కబురు పంపుతుంది. పగలంతా ఏడెనిమిది సార్లు వెళ్ళడం మామూలే. పొద్దున 400 వచ్చి, ఆఫీసులో కూర్చున్నప్పుడల్లా 60, 80 మాత్రమే వస్తుంటే సంచి బాగానే ఉంది, కబురే తప్పుడుది. ప్రతిసారీ 300 పైన వస్తూ రోజు మొత్తం 3 లీటర్లు దాటితే మూత్రమే ఎక్కువగా తయారవుతోంది. అప్పుడు షుగర్ చూడాలి, నీళ్ళు ఎంత తాగుతున్నారో చూడాలి. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గోలీలు చక్కెరను మూత్రంలోంచే బయటికి పంపుతాయి, దాని వెంట నీళ్ళూ పోతాయి. అవి వాడుతూ ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే కారణం కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది. రాత్రీ పగలూ, పొద్దున లేచాక కూడా అన్నీ చిన్న కొలతలే అయితే ఇన్‌ఫెక్షనో, మూత్రాశయం లోపలి పొర నొప్పో, పూర్తిగా ఖాళీ కాకపోవడమో అనుకోవాలి.

పరీక్షల్లో తప్పులు జరిగే చోట్లు రెండు. మొదటిది యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే ఇవ్వాలి. రెండోది స్కానింగ్. లీటరు నీళ్ళు తాగించి గంట కూర్చోబెడతారు, సంచి పగిలేలా ఉబ్బుతుంది, ఆ పైన క్యూలో ఎవరో తలుపు కొడుతుంటే హడావుడిగా పోసి వస్తారు. లోపల 120 మి.లీ. మిగిలిందని రిపోర్టు వస్తుంది. అలా వస్తే భయపడకుండా, "అమ్మా, పది నిమిషాలాగి ఇంకోసారి పోసొస్తాను, మళ్ళీ చూడండి" అని అడగాలి. 50 లోపు మిగిలితే నిశ్చింత, 200 దాటితే యూరాలజిస్టు దగ్గరికి. పంజాగుట్ట నిమ్స్‌లోనూ, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి.

తొమ్మిది. రోడ్ల మీద బండ్ల వరస. బండి సీటు ముందుకు వాలి ఉంటే ఒంటి బరువంతా మలద్వారానికి ముందున్న మెత్తటి చోటు మీద పడుతుంది. ఆ వంపుకు గతుకులు కూడా తోడవుతాయి. ఆఫీసు కుర్చీలో ఇదే ఇంకో రకంగా జరుగుతుంది. స్క్రీన్ వైపు మెడ చాచి, నడుం జార్చి కూర్చుంటే పిరుదుల కింద చేతికి తగిలే రెండు ఎముకల మీంచి బరువు జారి ముడ్డిపూస మీదికి పోతుంది. దాని చుట్టూ ఉన్న కండరాలు గంటల తరబడి బిగుసుకుని ఉంటాయి.

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మూత్రాశయాన్నీ పెద్దపేగు చివరనూ కింద నుంచి ఊయలలా మోసే కండరాల పొర ఒకటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే దిగుతుంది. ఒంటేలు పోయాలంటే ముందు ఈ పొర వదులవ్వాలి, ఆ తర్వాతే సంచి ముడుచుకోవాలి. పొర ఎప్పుడూ బిగుసుకునే ఉంటే నాళం దగ్గర పుట్టే కబురు, నిండిన సంచి పంపే కబురూ ఒకేలా తోస్తాయి. రెండింటి నరాలూ వెన్ను చివర ఒక్కచోటి నుంచే వస్తాయి. పోబోతే వెంటనే రాదు, ధార సన్నగా ఉంటుంది, అయిపోయాక ఇంకా మిగిలినట్టుంటుంది. మళ్ళీ కూర్చుంటారు, "వచ్చేస్తుందేమో" అని ఇంకా బిగబడతారు. బిగబట్టిన కొద్దీ కబుర్లు పెరుగుతాయి.

ఇదేనా అని పోల్చుకోవడానికి మంచి గుర్తొకటి ఉంది. మామూలు కుర్చీలో ఉన్నప్పుడు తొందర పెట్టేది, కమోడ్ సీటు మీద ఊరికే కూర్చుంటే తగ్గుతుంది. అక్కడ మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, ఆ చోటు నొక్కుకుపోదు. కూర్చుంటే ఒకవైపు మంట, తిమ్మిరి, సూదులు పొడిచినట్టు కూడా ఉంటే ఆ చోటికి స్పర్శనిచ్చే ప్యూడెండల్ నరం సంగతి డాక్టరును అడగాలి.

కండరాలు బిగుసుకున్న మనిషి కెగెల్ వ్యాయామాలు, అంటే ఆ కింది పొరను పదేపదే బిగించి వదిలేవి, చేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. వీడియో చూసి రోజుకు వందసార్లు బిగిస్తారు, రెండు వారాలకు రెట్టింపు బాధతో వస్తారు. బలం లేక కారుతుంటే కెగెల్ మంచిదే. వదులు కాలేని కండరానికి మాత్రం బిగించడం నేర్పకూడదు. దానికి వదలడం నేర్పాలి. వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి, పొట్ట మీద చేయి వేసుకోవాలి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీలిస్తే పొట్ట లేవాలి, కింది పొర మెత్తగా కిందికి దిగినట్టనిపించాలి. ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఎక్కడా ముక్కకూడదు, బిగించకూడదు. ఐదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు. దాంతోపాటు బాలాసనం ఒక నిమిషం, గొంతుకూర్చోవడం అర నిమిషం. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు తలుపు పట్టుకుని ఎంత దిగగలిగితే అంతే దిగాలి. ఫలితం వారాల్లో కనబడుతుంది, రోజుల్లో కాదు.

కుర్చీకి చేయాల్సింది ఇంకా తేలిక. రెండు చిన్న టవల్స్ గట్టిగా చుట్టి, ఒక్కో పిరుదెముక కింద ఒకటి పెట్టుకుని మధ్యలో ఖాళీ ఉంచాలి. పది నిమిషాల్లో తేడా తెలిస్తే అప్పుడు ముందు వైపో వెనక వైపో తెరిచి ఉండే మెత్త కొనుక్కోవచ్చు. గుండ్రటి రింగు మెత్త మాత్రం నేను చెప్పను, చుట్టూ నొక్కి మధ్యలోది కిందికి లాగుతుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకోవాలి, అరగంటకోసారి లేచి నిలబడాలి.

పదకొండు, మీటింగుల వేళ. తొందర ఒక అలలా లేస్తుంది, చాలాసార్లు నిమిషం రెండు నిమిషాల్లో దిగుతుంది. అల శిఖరం మీద ఉన్నప్పుడు లేచి పరుగెత్తడమే మనం చేసే తప్పు. ఆగాలి. వీలైతే నిలబడి మడమలు ఇరవైసార్లు ఎత్తి దించాలి, ఊపిరి పొడుగ్గా వదలాలి, వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టాలి. దిగాక, వెళ్ళాల్సిన టైమైతే నింపాదిగా నడిచి వెళ్ళాలి. ఆ టైము డైరీలోంచే తీసుకోవాలి. సగటున గంటకోసారి వెళ్తుంటే ఈ వారం గంటంబావు, వచ్చే వారం గంటన్నర, అలా మూడు గంటల దాకా. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, మూత్రం మిగిలిపోతున్నప్పుడు, సంచి నిండేకొద్దీ నొప్పి పెరుగుతున్నప్పుడు ఇది చేయకూడదు.

నాలుగు, చాయ్. ఇరానీ చాయ్ మానమంటే హైదరాబాద్‌లో ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ అందరికీ లేదు. అందులోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, కొందరికి సంచిని చిరాకు పెడుతుంది. ఆ కొందరిలో మనం ఉన్నామో లేదో తెలియాలంటే రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించి, రెండు వారాలు డైరీలో అంకెలు చూడాలి. ఒక్కసారే ఆపితే తలనొప్పి. పులుపు, కారం, సోడా కూడా అంతే, ఒక్కోటిగా పరీక్షించాలి. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

నీళ్ళు మానేయడం మాత్రం ఈ ఎండల్లో ప్రమాదం. మూత్రం చిక్కబడితే మంట పుట్టి తొందర ఇంకా పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, రాళ్ళకూ దారి. గుటక గుటకగా తాగుతూ రంగు లేత పసుపులో ఉండేలా చూసుకుంటే సరి. నిండిన పేగు ముందున్న సంచిని నొక్కుతుంది కాబట్టి విరేచనం సాఫీగా ఉండాలి. కమోడ్ ముందు జానెడు ఎత్తు పీట మీద కాళ్ళు పెడితే ముక్కే పని తగ్గుతుంది.

ఆరున్నర, ఇంటిదారి. రాయదుర్గం నుంచి నాగోల్ దాకా మెట్రోలో దాదాపు గంట, రైల్లో టాయిలెట్ ఉండదు. అందుకని చాలామంది ఎక్కేముందు ఒకసారి, దిగగానే ఒకసారి, ఇంట్లోకి రాగానే ఒకసారి పోస్తారు. ప్రయాణానికి ముందు ఒక్కసారి పోయడంలో తప్పులేదు. రోజంతా "ఎందుకైనా మంచిది" అంటూ పోతుంటే సంచికి వంద మిల్లీలీటర్లే అలవాటవుతాయి. ఆడవాళ్ళు శుభ్రంలేని చోట సీటు తగలకుండా గాల్లో సగం లేచి పోస్తారు. అప్పుడు తొడలతోపాటు కింది పొర కూడా బిగుసుకుని సంచి ఖాళీ కాదు. సీటు మీద టిష్యూ పరచుకుని పూర్తిగా కూర్చోవడమే మేలు.

ఈ తొందరను తగ్గించే మందులున్నాయి. సోలిఫెనాసిన్ లాంటివి నోరు ఎండగొట్టి మలబద్ధకం తెస్తాయి, మిరాబెగ్రాన్ వాడితే బీపీ చూస్తుండాలి. కారణం తేలాక డాక్టరు ఇస్తేనే వాడాలి. మూత్రంలో రక్తం, చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. ఒంటేలు బొత్తిగా రాకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, కాళ్ళు పట్టు తప్పినా రాత్రయినా ఎమర్జెన్సీకే.

పదిన్నర. పడుకునే ముందు ఆఖరి కొలత. రాత్రంతా లేవకుండా ఆరు గంటలు నిద్రపోతున్నారంటే, పగలు పది నిమిషాలు ఆగలేనన్న ఆ సంచే రాత్రి 400 మి.లీ. పట్టి ఉంచుతోందన్నమాట. ఆ అంకె పొద్దున జగ్గులో కనబడ్డప్పుడు చాలామంది ముఖాలు తేరుకుంటాయి.

రేపటి పేజీకి గీతలు గీశాను: టైము, మి.లీ., తొందర, తాగినవి, కూర్చునా నిలబడా.