చలిలో పరుగు, తడిసిన బనియను

ఈరోజు తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులో పరుగుకు వెళ్లాను. ఫోనులో 12 డిగ్రీలు చూపించింది. హైదరాబాద్‌లో ఇంతటి చలి ఏడాదిలో కొన్నాళ్లే ఉంటుంది. కానీ హుస్సేన్ సాగర్ మీదుగా వచ్చే గాలి చెవులను కోసేస్తుంది.

కిందటి వారం నూలు బనియను, పైన ఉన్ని స్వెట్టర్ వేసుకుని వెళ్లాను. రెండు కిలోమీటర్లకే చెమట ధారలు కట్టింది. నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒక పట్టాన ఆరదు. సంజీవయ్య పార్కు దగ్గర మంచినీళ్లకు ఆగేసరికి ఆ బనియను మంచుగడ్డలా వీపుకు అతుక్కుంది. పళ్లు కటకటలాడాయి. వణుకుతూ ఆటోలో ఇంటికి చేరాను. ఆ రోజంతా నా మీద నాకే కోపం.

ఈసారి ఒంటికి పట్టి ఉండే పలుచని పాలిస్టర్ టీషర్టు వేసుకున్నాను. అది చెమటను బయటి వైపుకు లాగి త్వరగా ఆరిపోతుంది. పైన గాలిని ఆపే తేలికపాటి జాకెట్, ముందు జిప్పు ఉన్నది. ఆ జిప్పు ఎంత మేలు చేసిందో! ఒళ్లు వేడెక్కగానే సగం దించాను, వంతెన దగ్గర ఎదురుగాలి తగలగానే మళ్లీ పైకి లాగాను. ఉన్న ఉష్ణోగ్రతకు మరో పది డిగ్రీలు కలుపుకుని, దానికి తగ్గ బట్టలు వేసుకోమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అంటే గుమ్మం దాటేటప్పుడు కాస్త చలి వేయాలి. మొదటి పది నిమిషాలు ఓర్చుకున్నాను, ఆ తరువాత హాయిగా ఉంది.

"చెవులకు ఏదైనా చుట్టుకో నాన్నా" అని అమ్మ ఇచ్చిన మఫ్లర్ మాత్రం వద్దనలేకపోయాను. ఇంటికి వచ్చి చూస్తే, తడిసింది అదొక్కటే.