ఎడమ చెవి వెనక

"గొంతులేమైనా వినిపిస్తున్నాయా?" అని డాక్టర్ అడిగితే లేదన్నాను. అప్పటికి మూడు వారాలుగా ఎడమ చెవి వెనక ఒక మగ గొంతు నన్ను తిడుతూనే ఉంది. ఒప్పుకుంటే పిచ్చి ముద్ర పడుతుందని భయం.

ఆ రాత్రి వార్డు సిస్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని నిద్ర గురించీ తిండి గురించీ మాట్లాడుతున్నారు. మాట మధ్యలో నేను ఆగి ఎడమవైపు తల తిప్పానట. నాకు తెలియనే లేదు.

"ఇప్పుడేదో వినిపించింది కదూ? నాకు వినబడలేదు. మీకు వినబడిందంటే మాత్రం నమ్ముతాను."

ఇంక అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

ఒక్కరేనా, ఇంకా ఉన్నారా? తెలిసిన గొంతా? తలలోంచా, బయటి నుంచా? ఒక్కొక్కటీ నింపాదిగా అడిగారు. తర్వాత, "ఏదైనా చెయ్యమంటున్నాడా?" అన్నారు. బతకొద్దంటున్నాడని చెప్పాను. ఆమె కంగారుపడలేదు. "ఆ మాట వినాలనిపించిందా? వినకపోతే ఏమవుతుందనుకుంటున్నారు?" అన్నారు. ఆ రెండో ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. వినకపోతే తమ్ముడికి ఏదో అవుతుందని నా నమ్మకం. ఆ మాట పైకి అనగానే ఏడుపొచ్చింది.

"ఇది డాక్టర్‌కి చెప్పాల్సిందే. మీకు తెలియకుండా మాత్రం చెప్పను" అన్నారు. ఆ రాత్రంతా ఎవరో ఒకరు వచ్చి నన్ను చూసి వెళ్తూనే ఉన్నారు. కాపలా పెట్టారని నాకు ఒళ్లు మండింది. ఆ కోపం అన్యాయమని ఇప్పుడు తెలుసు.

రక్త పరీక్షలు, థైరాయిడ్, చెవి పరీక్ష అన్నీ చేశారు. మందులు మొదలయ్యాయి. నిద్ర ముంచుకొచ్చేది, బరువు పెరిగాను. వారానికోసారి సిస్టర్ ఒక కాగితం తెచ్చేవారు. దాని మీద 11 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎంత బాధ పెట్టింది, ఆపడం మీ చేతుల్లో ఉందా... ఇలా. విచిత్రమేమిటంటే, గొంతు వచ్చే సార్లు చాన్నాళ్లు తగ్గలేదు. ముందు తగ్గింది బాధ మార్కు. తిట్లు అవే, కానీ వాటికి లొంగాలన్న భయం సడలింది. కూనిరాగం తీస్తే వాడి గొంతు పలచబడుతుందని నేనే కనిపెట్టాను. సిస్టర్ దాన్నీ రాసుకున్నారు.

మొన్న రెండు రాత్రులు నిద్ర లేక మళ్లీ వచ్చాడు. చెకప్‌కి వెళ్తే ఎంత గట్టిగా అని అడిగారు.

"గుసగుసే సిస్టర్. ఒక మార్కు వేసుకోండి" అన్నాను.