ఒకే తీగ మీద రాకపోకలు

1995 జనవరిలో న్యూజెర్సీలో ఒక చిన్న ఇంజనీరింగ్ కార్యాలయంలో చేరాను. అక్కడ సన్ కంపెనీ కంప్యూటరు స్పార్క్‌స్టేషన్, కంప్యూటర్లను టెలిఫోను మీద కలిపే ఒక మోడెమ్, ఆ రెంటికీ కలిపి ఒకే టెలిఫోను లైను ఉండేవి. రాత్రిళ్లు ఇంజనీర్లు ఇంటి నుంచి ఆ లైనుకు ఫోను చేసి లాగిన్ కావాలి. అదే లైను మీద మా యంత్రం పెన్సిల్వేనియా శాఖకు ఫోను చేసి మెయిలూ ఫైళ్లూ పంపాలి. రెండో లైను పెట్టించమని అడిగాను. యజమాని ఏమీ అనకుండా టెలిఫోను బిల్లు బల్ల మీద పరిచి, పెన్సిలుతో ఒక్కో అంకే చూపించుకుంటూ పోయాడు. మూడో అంకె దగ్గర నేనే సరేనన్నాను.

హైదరాబాదులో యూనిక్స్ మీద ప్రోగ్రాములు రాశాను గాని మోడెమ్‌ను ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు. ఇంటర్వ్యూలో ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

వచ్చినవాడిని గుమ్మంలో ఆపి పేరు అడిగే ప్రోగ్రాము గెట్టీ. బయటికి ఫోను చేసి ఫైళ్లు మోసేది యూయూసీపీ. ఇద్దరినీ మోడెమ్ తగిలించిన ఒకే పోర్టు మీద కూర్చోబెడితే మోడెమ్ పంపిన అక్షరాలు కొన్ని ఒకరి చేతిలో, కొన్ని మరొకరి చేతిలో పడతాయి. అవతలి వాళ్లు ఫోను ఎత్తినా ‘కనెక్ట్’ అన్న మాట పూర్తిగా ఎవరికీ చేరదు. వారం రోజులు ఇదే తంతు.

దారి చివరికి మాన్యువల్లోనే దొరికింది. మా యంత్రాన్ని నడిపే సన్‌ఓఎస్‌లో ఒకే పోర్టుకు రెండు పేర్లు పెట్టవచ్చు. టీటీవైడీ0 లోపలికి వచ్చేవారికి, సీయూఏ0 బయటికి వెళ్లేవారికి. పరికరం ఏ రకమో చెప్పే మేజర్ నంబరు రెంటికీ 12. ఏ తలుపో చెప్పే మైనర్ నంబరు మాత్రం మొదటిదానికి 0, రెండోదానికి 128. టీటీవైడీ0ను తెరవబోయిన గెట్టీ, మోడెమ్ నుంచి క్యారియర్, అంటే అవతలి మోడెమ్ కలిసిందన్న సంకేతం, వచ్చేదాకా అక్కడే నిద్రపోతుంది. యూయూసీపీ ఈలోగా సీయూఏ0 తలుపు తీసుకుని తన పని చేసుకుంటుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ క్యారియర్ వచ్చినా గెట్టీకి మెలకువ రాదు. కాపలా పెట్టకుండా, కేవలం నిద్రతో తగువు తీర్చినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక మోడెమ్‌కు ఆదేశాలిచ్చే వంతు. మొదటి రింగుకే ఎత్తమని ఎస్0=1, అవతలి మోడెమ్ కలిస్తేనే క్యారియర్ చూపమని అండ్‌సీ1, మరిచిపోకుండా దాచుకోమని అండ్‌డబ్ల్యూ. పెన్సిల్వేనియా వెళ్లి అక్కడి మోడెమ్‌కూ అవే పెట్టి, శుక్రవారం సాయంత్రం గర్వంగా ఇంటికి పోయాను.

సోమవారం వచ్చేసరికి మోడెమ్ మీద క్యారియర్ ఉందని చెప్పే సీడీ దీపం వెలుగుతూనే ఉంది. అక్షరాలు అందుకునే దీపం, పంపే దీపం టపటపమని కొట్టుకుంటున్నాయి. నేను వదిలేసింది ఒక్క ఆదేశం, అండ్‌డీ2. ‘నేను సిద్ధం’ అని యంత్రం చూపే డీటీఆర్ సంకేతం దించగానే ఫోను పెట్టెయ్యమని మోడెమ్‌కు చెప్పేది అదే. శుక్రవారం రాత్రి యూయూసీపీ పని ముగించుకుని వెళ్లిపోయింది గాని రెండు మోడెములూ ఫోను పెట్టలేదు. క్యారియర్ ఉంది కదా అని ఇక్కడి గెట్టీ లేచి ‘లాగిన్’ అంది. అదెవరో పేరు చెప్పారనుకుని అక్కడి గెట్టీ ‘పాస్‌వర్డ్’ అంది. శని, ఆదివారాలంతా, నిమిషానికింత చొప్పున, రెండు రాష్ట్రాల గెట్టీలు ‘నువ్వెవరు’ అంటే ‘నువ్వెవరు’ అనుకున్నాయి. వారాంతపు రేటు తక్కువ కావడం ఒక్కటే నా అదృష్టం.

బిల్లు వచ్చిన రోజున యజమాని పెన్సిలు తేలేదు. ఆ ఒక్క అంకెకు పెన్సిలు అవసరం లేకపోయింది.

తర్వాతి శుక్రవారం నేను కదల్లేదు. ఫైళ్లు వెళ్లాయి, డీటీఆర్‌ను చూపే టీఆర్ దీపం ఆరింది, దాని వెంటే సీడీ ఆరింది. ఎత్తడానికి సిద్ధమని చెప్పే ఏఏ మాత్రం వెలుగుతూనే ఉంది. అప్పుడు కోటు తొడుక్కున్నాను.

బసకు చేరేసరికి ఎనిమిదిన్నర, తెనాలిలో శనివారం ఉదయం ఏడు. మా ఇంట్లో ఫోను లేదు. అప్పటికి సామాన్యులకు ఇంటర్నెట్టే లేదు, ప్రభుత్వ విదేశీ టెలిఫోను సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ దాన్ని మొదలుపెట్టింది ఆ ఏడాది ఆగస్టు 15న. పక్కింటి బాబాయిగారి ఫోనుకు రెండు రింగులిచ్చి పెట్టేస్తాను, ఆయన గోడ మీంచి అమ్మను కేకేస్తారు, పది నిమిషాలకు మళ్లీ చేస్తాను. అదీ మా ఏర్పాటు.

ఆ రోజు అమ్మ రొప్పుతూ ఫోను అందుకుని, బాగున్నావా అని కూడా అడగకుండా, “ముందు ఆ రెండు రింగులకూ డబ్బులు పడతాయట్రా?” అంది.

“పడవమ్మా. అవతల ఎత్తితేనే.”

“అయితే బాబాయిగారిని ఎత్తవద్దని గట్టిగా చెబుతానుండు. మొన్న ఎత్తేశారు.”