బులెట్ తగలనోళ్ళ లెక్క యాడ రాస్తారు

అమెరికాలో బడిలో కాల్పులు అని వార్త వచ్చిన ప్రతిసారీ మన టీవీల్లో రెండే నంబర్లు తిరుగుతాయి, చనిపోయినోళ్ళు ఇంతమంది, గాయపడినోళ్ళు ఇంతమంది, అంతే, మూడో రోజుకి ఇంకో వార్త. ఆ రోజు అదే బడిలో ఉండి, ఆ చప్పుళ్ళు విని, బెంచీల కింద దాక్కుని, ఒంటి మీద ఒక్క గీత కూడా పడకుండా ఇంటికి పోయిన వందల మంది పిల్లోళ్ళు ఆ రెండు నంబర్లలో యాడా ఉండరు. నా బాధంతా వాళ్ళ గురించే. కడప జిల్లాలో ఫ్యాక్షన్ ఊర్లో పుట్టి పెరిగి, ఇప్పుడు గవర్నమెంట్ హైస్కూల్లో పాఠాలు చెప్తాండే దాన్ని కాబట్టి ఈ సంగతి నాకు దూరందిగా అనిపించదు.

కాలంబైన్ సంగతే చూడండి. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని ఆ హైస్కూల్లో అక్కడ చదివే ఇద్దరే తుపాకులతో వచ్చి 12 మంది పిల్లోళ్ళని, ఒక సార్‌ని చంపినారు. 13 అనే ఆ లెక్క పాతికేండ్లు అట్లనే నిలిచిపోయింది. ఆ రోజు బులెట్ తగిలి కాళ్ళు చచ్చుబడి, పాతికేండ్లు వీల్‌చైర్‌లోనే బతికిన ఒకామె 2025 ఫిబ్రవరిలో చనిపోతే, ఆ పాత గాయం తెచ్చిన జబ్బులతోనే పోయింది కాబట్టి ఆ చావును కూడా హత్య కిందనే రాసినారు, 13 కాస్తా 14 అయింది. అదే బడి లైబ్రరీలో బులెట్లు తగిలి బతికి బయటపడిన ఇంకొకాయన ఉండె, ఆయన కండ్ల ముందే స్నేహితుడు చనిపోయినాడు, నొప్పికి ఇచ్చిన మందులకే అలవాటు పడిపోయి, ఏండ్ల తరబడి దాంతో కొట్లాడి బయటికొచ్చి, ఊరూరా తిరిగి ఆ కథ నలుగురికీ చెప్పి, కడాకు 2019లో ఆ మత్తుకే బలైపోయినాడు. ఆయన మాత్రం చనిపోయినోళ్ళ లెక్కలోకి రాలేదు.

కాలంబైన్‌లో నాకు చాలా గొప్పగా అనిపించేది ఆ బడి ప్రిన్సిపాల్ ఫ్రాంక్ డి ఏంజెలిస్. కాల్పుల తర్వాత పిల్లోళ్ళు ఆ సంవత్సరం చదువు పక్క బడిలో మధ్యాహ్నం షిఫ్టులో పూర్తి చేసినారు, ఆగస్టులో సొంత బడి తెరిస్తే స్వాగతం పలుకుదామని బెలూన్లతో తోరణం కట్టినారంట, అవి ఒక్కొక్కటీ పేలుతుంటే పిల్లోళ్ళు నేల మీద పడి దాక్కున్నారు. అప్పుడు అర్థమైంది వాళ్ళకి, ఇది రంగులేసి అద్దాలు మారిస్తే పోయే పని కాదని. కాల్పుల రోజు గంటల తరబడి మోగిన ఫైర్ అలారం చప్పుడు మార్పించినారు, ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో చైనీస్ భోజనం పెట్టినారు కాబట్టి మళ్ళీ అది వండలేదు, లైబ్రరీని పూర్తిగా తీసేసి కొత్తది కట్టినారు. ఇంత చిన్న చిన్నవి ఎవరు పట్టించుకుంటారు చెప్పండి, పిల్లోళ్ళని పేరు పేరునా ఎరిగినోళ్ళు తప్ప. ఆయన 2014 దాకా ఆ కుర్చీ వదల్లేదు, కాల్పులప్పుడు ఆ ఊర్లో ఇంకా చిన్న బడుల్లో ఉన్న పిల్లోళ్ళు కూడా పెద్దయి తన బడిలో చదువు ముగించి పొయ్యేదాకా ఉంటానని మాటిచ్చి, ఉన్నాడు. తర్వాత ఇట్లాంటిది జరిగిన బడుల ప్రిన్సిపాళ్ళు కొందరు కలిసి ఒక గుంపుగా ఏర్పడినారు, యాడన్నా కాల్పులు జరిగితే అక్కడి హెడ్‌కి వాళ్ళే ఫోన్ చేస్తారు, రేపు ఏం చెయ్యాల, మొదటి సంవత్సరీకం ఎట్ల దాటాల అని చెప్పేదానికి.

ఇంక చదువుల సంగతి. టెక్సాస్‌లో కాల్పులు జరిగిన బడుల పిల్లోళ్ళని ఏండ్ల తరబడి వెనకాల పోయి చూసిన పరిశోధకులు ఉన్నారు. ఆ ఘటనల్లో ఎక్కువ భాగం చావులు లేనివో, ఒకటీ అరా చావు జరిగినవో, టీవీలో కూడా వచ్చుండవు, అయినా ఆ పిల్లోళ్ళు బడికి రావడం తగ్గింది, అదే క్లాసులో ఇంకో ఏడు కూర్చోవడం పెరిగింది, కాలేజీ దాకా పోయినోళ్ళు తగ్గినారు, ఇరవై అయిదేండ్ల వయసుకొచ్చేసరికి వాళ్ళ సంపాదన కూడా తోటోళ్ళ కన్నా తక్కువే ఉంది. ఇంకో పరిశోధన అయితే 44 కాల్పుల ఘటనలు తీసుకుంది, చావులు జరిగిన బడుల చుట్టుపక్కల పిల్లోళ్ళకి డిప్రెషన్ మందులు రాయడం తర్వాతి రెండేండ్లలో 21 శాతం పెరిగిందని తేల్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. నాతో పాటు చదివే పిల్లోడు, వాళ్ళ నాయనని బస్టాండ్ కాడ బాంబులేసి చంపినారు, వాడు అప్పుడు నాయన చెయ్యి పట్టుకోనే ఉన్నాడు, ఏం కాలేదు, కొంచెం పొగ కొట్టుకుందంతే. నెలకి మళ్ళీ బడికొచ్చినాడు. అప్పటిదాకా లెక్కల్లో ఫస్ట్ వచ్చేవాడు, తర్వాత ఎక్కాలు కూడా తప్పులు చెప్పేవాడు, సార్లేమో వీనికి చదువు మీద ధ్యాస లేదు అనేవాళ్ళు, పది తప్పినాడు, లారీ మీద క్లీనర్‌గా పోయినాడు. వాని నాయన చావుకీ వాని లెక్కల పేపర్‌కీ సంబంధం ఉందని మా ఊర్లో ఒక్కరికన్నా తోచిందా అని ఇప్పుడు ఆలోచిస్తే కడుపు రగిలిపోతాది. ఊరంతా వాణ్ణి చూసి అనుకున్నది ఒక్కటే, పెద్దయినాక పగ తీర్చుకుంటాడా లేదా అని.

మా చిన్నాయన కూతురు టెక్సాస్‌లోనే ఉంటాది. పోయిన ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ పిల్లోడు, రెండో తరగతి, మా అమ్మ పక్కన కూర్చుని బడిలో లాక్‌డౌన్ డ్రిల్, అంటే తుపాకీతో ఎవరన్నా వస్తే దాక్కునే అభ్యాసం, ఎట్ల చేస్తారో చెప్తాండాడు, టీచర్ తలుపుకి గడి పెట్టేస్తది అవ్వా, లైట్ ఆపేస్తది, మేమంతా మూలకి పోయి గోడకి ఆనుకోని కూర్చోవాల, మాట్లాడకూడదు, ఎవరొచ్చి తట్టినా తలుపు తియ్యకూడదు అని. మా అమ్మ అంతా ఇని, అవును రా నాయనా, మేమూ అట్లనే జేసేటోళ్ళం, దీపం ఆర్పేసి, మీ అమ్మ చిన్నపిల్ల అప్పుడు, ఏడుస్తదని నోరు మూసి పట్టుకుంటి అనింది. మా చెల్లెలు లోపల్నించి వచ్చి ఇనింది, దానికి ఆ సంగతే తెలీదు, ముప్పై ఏండ్లుగా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మా దగ్గర మాట్లాడుకోకపోవడమే మందు అనుకుంటిమి. ఊర్లో హత్య జరిగితే పోలీస్ పికెట్ తెచ్చి బడిలోనే పెట్టినారు, వరండాలో ఖాకీ బట్టలు ఆరేసేవాళ్ళు, తుపాకులు గోడకి ఆనించి ఉండేవి, మేము పక్క రూములో ప్రార్థన చేసేవాళ్ళం. ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్ గురించి చదివితే అదే గుర్తొస్తాది, 2018 ఫిబ్రవరి 14న 17 మంది చనిపోయిన ఆ బిల్డింగ్‌ని కోర్టు కేసు కోసమని 2024 జూన్ దాకా కూల్చలేదు, ఆరేండ్లు పిల్లోళ్ళు దాని పక్కనించే క్లాసులకి పోయినారు. కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో అట్ల కాదు, 2012 డిసెంబర్‌లో 20 మంది ఒకటో తరగతి పిల్లోళ్ళు, ఆరుగురు పెద్దోళ్ళు పోతే మరుసటి ఏడే కూల్చేసి అదే స్థలంలో కొత్తది కట్టి 2016లో తెరిచినారు. ఆ రోజు బతికిన ఒకటో తరగతి పిల్లోళ్ళు 2024 జూన్‌లో హైస్కూల్ పూర్తి చేసినారు, తమతో పాటు ఆ రోజు పట్టా తీసుకోవాల్సిన ఇరవై మందిని తలుచుకోనే.

టెన్నిస్ ఆండీ ముర్రే కూడా ఇట్లాంటి పిల్లోడే అని మనలో చాలామందికి తెలీదు. 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది చిన్నపిల్లలు, ఒక టీచరమ్మ చనిపోయినప్పుడు ఆయన అదే బడిలో ఉన్నాడు, ఎనిమిదేండ్లు. ముప్పై దాటినాక గానీ దాని గురించి మనసు విప్పి వివరంగా చెప్పలేకపోయినాడు, తర్వాతి ఏండ్లలో ఆందోళన ఎక్కువై ఊపిరాడేది కాదని, టెన్నిసే తప్పించుకునే దారి అయిందని చెప్పినాడు. అంత పేరున్న మనిషికే అంతకాలం పట్టింది.

మన బడుల్లో తుపాకులు లేవు, నిజమే, అందుకు సంతోషమే. కానీ హాస్టల్‌లో ఉరేసుకున్న పిల్లోని రూమ్మేట్లు ఉన్నారు, కండ్ల ముందు స్కూల్ ఆటో బోల్తా పడితే చూసిన పిల్లోళ్ళు ఉన్నారు, ఇంట్లో నరుక్కుంటే చూసినోళ్ళు ఉన్నారు. రెండు రోజులు సెలవిచ్చి, మూడో రోజు నించి సిలబస్. మా వైపు మానసిక డాక్టర్ అంటే చాలామందికి బెంగుళూరు నిమ్హాన్స్ ఆస్పత్రే గుర్తొస్తాది, అంత దూరం పోవాలంటే బస్సు ఛార్జీలకే జంకుతారు. ఇప్పుడు టెలి మానస్ అని, మనసులో బాధ చెప్పుకునేదానికి గవర్నమెంట్ ఫోన్ నంబర్ 14416 ఉంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, మా బడిలో బోర్డు మీద పెద్దగా రాయించినా. టీచర్లు ఎవరన్నా ఇది చదువుతాంటే ఒక్కటే అడుగుతా, మీ క్లాసులో అట్లాంటిది ఏదన్నా జరిగుంటే ఆ తేదీ డైరీలో రాసి పెట్టుకోండి, వచ్చే ఏడు అదే రోజు ఎవరెవరు బడికి రాలేదో చూసి సాయంత్రం ఆ ఇంటికి ఒకసారి పోయి రండి.