17 పేపర్లలో ఒకటే స్పెల్లింగ్ తప్పు

మొన్న సీ ప్రోగ్రామింగ్ ఆన్‌లైన్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే నవ్వొచ్చింది. యావరేజ్ కనుక్కునే ప్రోగ్రామ్‌లో, యావరేజ్ విలువను దాచే వేరియబుల్ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'ఇ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది. మార్కులు కోసేంత తప్పు కాదు, అన్ని చోట్లా ఒకేలా రాస్తే, ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్‌కు స్పెల్లింగ్‌తో పనే లేదు. కానీ అదే తప్పు 17 మంది రాశారు.

మాది హనుమకొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ. ఇంటి నుంచి రాసే పరీక్షలకు కెమెరాతో ముఖం చూసే సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఆ 17 మందిలో ఒక్కరికీ వార్నింగ్ రాలేదు. వచ్చింది ఎవరికయ్యా అంటే, పరకాల అవతల ఊరి నుంచి రాసిన ఒక అమ్మాయికి. మధ్యలో వాళ్ల నాయనమ్మ గదిలోకొచ్చి "తిన్నవా బిడ్డా?" అని అడిగిందట. రెండో మనిషి కనబడిందని ఒకటి, రెండో గొంతు వినబడిందని ఇంకోటి, ఆ తర్వాత కరెంటు పోయి చీకట్లో ముఖం కనబడలేదని మూడోది, అంతే, పేపర్ దానంతటదే సబ్మిట్ అయిపోయింది. ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లాప్‌టాప్‌లో వేరే ట్యాబ్ తెరవనివ్వవు, మంచిదే, మరి తొడ మీద పెట్టుకున్న ఫోన్ సంగతి? పోనీ మనుషులే కాపలా ఉంటే సరిపోతుందా అంటే, 2023 ఏప్రిల్‌లో మన కమలాపూర్‌లో పదో తరగతి హిందీ పేపర్ పరీక్ష నడుస్తుండగానే వాట్సాప్‌లో తిరిగింది. అది కాగితం మీద రాసే పరీక్షే.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటెల్ వాళ్ల లెక్క నాకు నచ్చుతుంది. వారం వారం ఇంట్లో చేసే అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో దొరుకుతాయని అందరికీ తెలుసు, దొరికితే దొరకనీ, అసలు బరువు అక్కడ లేదు.

మా దగ్గర అంత ఏర్పాటు లేదు కాబట్టి నేను వైవా, అంటే నోటి పరీక్ష, పెట్టా. క్లాసులో 60 మంది, తలా 4 నిమిషాలు, మొత్తం 4 గంటలు, రెండు సాయంత్రాలు పోయాయి (ఇంట్లో తిట్లు వేరే). ఎవరి ప్రోగ్రామ్ వాళ్లకే చూపించి, ఈ లైన్ తీసేస్తే ఏమవుతుందని అడగడమే. పరకాల అమ్మాయి సగంలో ఆగిపోయిన తన ప్రోగ్రామ్‌ను నోటితోనే పూర్తి చేసింది. మార్కులు వేసేశా.

ఆ 17 మందిలో ఒకడిని, ఈ స్పెల్లింగ్ ఎందుకిట్లా రాశావురా అని అడిగా. కాసేపు స్క్రీన్ వైపు చూసి, "గ్రూపుల గట్లనే ఉండె సార్" అన్నాడు.