యూకేలో మూసేసిన ఖాతా నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ వెనక్కి రాబట్టడం

బ్రిటన్‌లో చదువు, ఉద్యోగం ముగించుకుని హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేసినవాళ్లు అక్కడి ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు అయిపోయాక కూడా ఒక పరిమితి దాకా బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) మీద కట్టిన డబ్బును మర్చిపోతారు. ఖాతా మూసేశాం కదా, ఇంకేం అడుగుతాం అనుకుంటారు. అడగొచ్చు. ఖాతా మూసినా, మీరు దేశం మారినా ఫిర్యాదు హక్కు పోదు.

కాకపోతే ఏమని అడుగుతున్నామన్నది ముఖ్యం. "చార్జీలు మరీ ఎక్కువ, అన్యాయం" అన్న వాదన పనిచేయదు. 2009 నవంబరు 25 నాటి యూకే సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఆ వాదనతో రాసిన పాత నమూనా ఉత్తరాలను దయచేసి వాడకండి. నిలబడే వాదన వేరే ఉంది: నేను ఆ అప్పులోంచి బయటపడలేకపోతున్నానని నా ఖాతా చూస్తేనే తెలిసిపోతుంది, అయినా బ్యాంకు ఏటా పరిమితిని కొనసాగించి వడ్డీ పట్టుకుంది.

దీనికి రుజువు మీ స్టేట్‌మెంట్లే. అవి లేకపోతే బ్యాంకుకు 'సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్' (మీ గురించి తమ దగ్గరున్న వివరాలు ఇవ్వమనే అర్జీ) పంపండి. రుసుము ఉండదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. ఖాతా నంబరు గుర్తులేకపోతే పుట్టిన తేదీ, అక్కడి పాత చిరునామాలన్నీ రాయండి. ఒక్క స్టేట్‌మెంట్లతో ఆగకుండా, పరిమితి ఇచ్చినప్పుడు, పెంచినప్పుడు బ్యాంకు చేసిన పరిశీలన వివరాలు, మీకు పంపిన ఉత్తరాలు కూడా అడగండి.

వచ్చాక చూడాల్సింది జీతం పడిన రోజు. ఉదాహరణకు పరిమితి 1,500 పౌండ్లు అనుకుందాం. జీతం పడగానే ఖాతా ప్లస్‌లోకి వచ్చి, అద్దె కట్టగానే మళ్లీ 1,400 మైనస్‌లోకి పోతోంది. లేదా జీతం పడ్డా మైనస్‌లోనే ఉంటోంది. నెలల తరబడి ఇదే వరస అయితే అది అవసరానికి వాడుకున్న అప్పు కాదు, ఇరుక్కుపోయిన అప్పు. 39.9 శాతం రేటున 1,400 మైనస్ మీద నెలకు సుమారు 40 పౌండ్ల వడ్డీ పడుతుంది. బౌన్స్ అయిన డైరెక్ట్ డెబిట్లు (ఖాతా నుంచి నేరుగా పోయే బిల్లు చెల్లింపులు), పేడే లోన్లు (జీతం పడేదాకా తీసుకునే అధిక వడ్డీ చిన్న అప్పులు), ఇరుక్కున్నాక కూడా పెంచిన పరిమితి కనిపిస్తే తేదీలతో రాసి పెట్టుకోండి. 2020 ఏప్రిల్ 6 నుంచి విడి ఫీజులు రద్దయి వడ్డీ ఒక్కటే మిగిలింది. అంతకుముందు కాలానికి ఆ ఫీజులనూ కలపండి.

ఫిర్యాదు ఒక పేజీ చాలు. బ్యాంకు ఏ వార్షిక సమీక్ష నాటికి గమనించి ఉండాల్సిందో చెప్పి, ఆ తేదీ నుంచి పడిన వడ్డీ, చార్జీలు మొత్తం అడగండి. క్రెడిట్ రికార్డులో డిఫాల్ట్ ఉంటే దాన్ని సరిచేయమనీ అడగండి.

8 వారాల్లో తుది జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు (బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులను తేల్చే యూకే సంస్థ) వెళ్లొచ్చు. ఉచితం. తుది జవాబు తేదీ నుంచి 6 నెలలు దాటనివ్వకండి. అసలు గడువేమో సంఘటన జరిగి 6 ఏళ్లు, లేదా ఫిర్యాదుకు కారణముందని మీకు తెలిసిన, తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 3 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అది. ఖాతా మూసిన రోజు నుంచి లెక్కేసుకుని చాలామంది పొరబడతారు. వడ్డీ పడిన రోజులు అంతకంటే పాతవి కదా.

మీ తరఫున ఫిర్యాదు చేసిపెట్టే కమీషన్ కంపెనీలకు అప్పగించకండి. 1,500 పౌండ్లలోపు పరిహారంలో వాళ్లు 30 శాతం దాకా, గరిష్ఠంగా 420 పౌండ్లు తీసుకోవచ్చు. వాళ్లు చేసేదీ ఇలాంటి ఉత్తరం పంపడమే.

బాకీ ఇంకా మిగిలి ఉంటే పరిహారం ముందు దానికి పోతుంది. మిగిలినదాన్ని చెక్కుగా కాకుండా ఖాతాకు బదిలీ చేయమని ముందే రాయండి, పౌండ్ల చెక్కు ఇక్కడ మార్చుకోవడం పెద్ద పని. పరిహారం మీద కలిపే వడ్డీలో 20 శాతం పన్ను పట్టుకుంటే బ్యాంకు నుంచి ఆ ధ్రువపత్రం తీసుకోండి. పన్ను వాపసుకు అర్హత ఉంటే, యూకే బయట ఉండేవాళ్ల కోసం ఉన్న ఆర్43 ఫారం నింపేటప్పుడు అది కావాలి.